పోయినవారి గురించి నాలుగు మాటలు

మా ఆయన పాస్టరు. ఆయనకు అబద్ధం ఆడటం రాదు. ఆడకూడదని నియమం పెట్టుకుని ఆడకపోవడం వేరు, అసలు చేతకాకపోవడం వేరు. ఆయనది రెండో రకం. కొందరికి ఈత రాదు, కొందరికి ఈల వెయ్యడం రాదు, అలాగన్నమాట. విన్నవాళ్ళు దీన్ని గొప్ప గుణమంటారు. వాళ్ళెవరూ ఆయనతో కాపురం చెయ్యలేదు.

పెళ్ళయిన కొత్తలో విజయనగరం నుంచి వచ్చి జంషెడ్‌పూర్‌లో దిగాను. టెల్కో కాలనీని ఆనుకుని మా తెలుగు సంఘం. చిన్నదే. ట్రక్కుల కంపెనీలో పనిచేసేవాళ్ళు, రిటైరై ఇక్కడే ఉండిపోయినవాళ్ళు, టీచర్లు, నర్సులు. ఇంట్లో పెద్దవాళ్ళు తెలుగులో పిలిస్తే పిల్లలు హిందీలో పలుకుతారు. పాస్టరు భార్య పనంటే సండేస్కూలు, స్త్రీల కూడిక, క్రిస్మస్‌కి పిల్లల నాటిక అనుకుని వచ్చాను. తీరా చూస్తే నాకు పడిన పని వేరు. ఆయన ఎక్కడెక్కడ నిజం చెప్పి వస్తారో కనిపెట్టి, వెనకాలే వెళ్ళి అక్కడ మందు రాసి రావడం.

మొదటి క్రిస్మస్‌కే అది తెలిసొచ్చింది. ఇల్లిల్లూ తిరిగి ప్రార్థన చేస్తున్నాం. ఒకావిడ తను చేసిన కేకు పెట్టి, ఎదురుగా నిలబడి, "ఎలాగున్నాదండి అయ్యగోరూ?" అని అడిగింది.

"గట్టిగా ఉందమ్మా. టీలో ముంచితే దిగుతోంది," అన్నారు ఈయన.

ఆవిడ మొహం మాడిపోయింది. నేను గబుక్కున, "ఆయనకి పన్ను నొప్పండీ, ఏం తిన్నా గట్టిగానే ఉంటోంది," అన్నాను. అక్కడికి ఆ గండం గడిచింది. మర్నాటి నుంచి సంఘంలో ఒక్కొక్కరే లవంగనూనె పట్టుకుని రావడం మొదలుపెట్టారు. వచ్చిన ప్రతివారికీ ఈయన, "నాకు పన్ను నొప్పి లేదండీ, మీరెవరికైనా వాడుకోండి," అని చెప్పి పంపేశారు. వారం తిరక్కుండా కొత్త పాస్టరమ్మ అబద్ధాలకోరని ఊరంతా తేలిపోయింది.

ప్రార్థన విషయంలోనూ అంతే. ఎవరైనా కనబడి, "మా అబ్బాయి ఇంటర్వ్యూ కోసం ప్రార్థన సేత్తన్నారా?" అని అడిగితే, లోకంలో ఏ పాస్టరైనా ఏం చెప్తాడు? ఈయన, "మర్చిపోయానండీ. ఇప్పుడు చేద్దాం," అంటారు. అది ఎక్కడైనా సరే. ఒకసారి సాక్చి మార్కెట్‌లో ఉల్లిపాయల బండి దగ్గర స్కూటరాపి, అడిగినాయన భుజమ్మీద చెయ్యేసి కళ్ళు మూసుకున్నారు. వెనకాల ఆటోలన్నీ హారన్లు. ఉల్లిపాయలబ్బి తక్కెడ పైకెత్తి పట్టుకుని, ఎందుకైనా మంచిదని తనూ కళ్ళు మూసుకున్నాడు. నేను మాత్రం తెరిచే ఉంచాను. చేతిసంచి నా దగ్గరే ఉంది మరి.

ఇలాంటివన్నీ చిల్లర. అసలు కథ మా ఫోర్‌మన్‌గారు పోయినప్పుడు జరిగింది.

ఫోర్‌మన్‌గారంటే కంపెనీలో ఎప్పుడో రిటైరైన పెద్దమనిషి, మా సంఘ పెద్దల్లో ఒకరు. గుళ్ళోకి అందరికంటే ముందొచ్చి ఫ్యాన్ల స్విచ్చుల కిందే కూర్చునేవారు. మే నెల జంషెడ్‌పూర్ ఎండలో కూడా ఒక్క ఫ్యాను తిరగనిచ్చేవారు కాదు. ఎవరైనా లేచి స్విచ్చు వైపు నడిస్తే, "ఇది గుడనుకున్నావా, సినిమా హాలనుకున్నావా? కూకో!" అని గద్దించేవారు. పాటల బృందం నడిపే మేష్టార్ని మొహం మీదే గాడిద గొంతనేవారు. ప్రసంగం కాస్త సాగిందంటే చెయ్యి పైకెత్తి గడియారం చూపించేవారు, అదీ వెనక బెంచీ దాకా కనబడేట్టు.

మా సెక్రటరీగారికీ ఆయనకూ అసలు పడేది కాదు. సెక్రటరీగారు సంఘానికీ సెక్రటరీయే, ఊళ్ళో తెలుగువాళ్ళ సమాజానికి ప్రెసిడెంటు కావాలని కూడా తిరుగుతుండేవారు. గుడికి ప్లాస్టిక్ కుర్చీలు దానం చేశారు. ప్రతి కుర్చీ వీపు మీదా తన పేరు ఎర్ర రంగుతో పెద్ద పెద్ద అక్షరాలతో రాయించారు. ఫోర్‌మన్‌గారు, "ఆడి పేరుకి నా వీపు ఆనించను," అని ఇంటి దగ్గర్నుంచి సొంత చెక్క కుర్చీ మోసుకొచ్చి వేసుకునేవారు. ఆ పంతం ఆయన పోయేదాకా సాగింది.

జూన్ నెలలో, వానలింకా పడకముందు, నిద్రలోనే పోయారు. అంత కోపిష్టికి అంత నెమ్మదైన చావు వచ్చిందని అందరూ ఆశ్చర్యపోయారు. మర్నాడు గుళ్ళో ఆరాధన, తర్వాత సమాధుల తోట. జనం కిటకిటలాడిపోయారు. ఆవేళ మొట్టమొదటిసారి గుళ్ళో ఫ్యాన్లన్నీ ఒక్కసారే తిరిగాయి. ఎవరు వేశారో తెలీదు. పెట్టె మీది పూలు ఎగిరిపోతుంటే, మేష్టారు వాటి మీద పాటల పుస్తకాలు బరువు పెట్టారు.

పోయినవారి గురించి నాలుగు మాటలు చెప్పే సమయం వచ్చింది. ముందు మేష్టారు లేచారు. "నాకు తండ్రి లాటోరు. నా పాటంటే ప్రాణం పెట్టీవోరు," అని కళ్ళు తుడుచుకున్నారు. పక్క క్వార్టరాయన లేచి, ఇన్నేళ్ళ ఇరుగుపొరుగులో ఒక్క గట్టి మాట ఎరగనన్నారు. స్కూటరు నిలబెట్టే చోటు కోసం వాళ్ళిద్దరూ వీధిలో అరుచుకుంటుంటే విడదీయడానికి నేనే రెండుసార్లు వెళ్ళాను. ఆఖర్న సెక్రటరీగారు మైకందుకున్నారు. ఆయనకు మైకు చేతికొస్తే సభ ఏదో గుర్తుండదు. "ఈ శుభ సందర్భంలో..." అని మొదలుపెట్టి, నాలిక్కరుచుకుని, "సౌమ్యతకి మారుపేరు. శాంతమూర్తి. నేనిచ్చిన కుర్చీలంటే ఆయనకెంతో ఇష్టం," దాకా వెళ్ళారు.

నేను ఫోర్‌మన్‌గారి భార్య పక్కన కూర్చుని ఉన్నాను. ఆవిడ సన్నగా, చిన్నగా ఉంటుంది. ఇన్నేళ్ళలో ఆవిడ గొంతు నేను గట్టిగా విన్నది లేదు. నిన్నటి నుంచి ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదని చుట్టాలు గుసగుసలాడుతున్నారు.

మా ఆయన లేచారు. మైకు దగ్గర నిలబడి ఏమీ మాట్లాడలేదు. ఆ నిలబడటం నాకు తెలుసు. కేకు నోట్లో పెట్టుకున్నప్పుడు కూడా అలాగే ఆగారు.

"ఇప్పటిదాకా మీరు చెప్పినాయన ఎవరో నాకు తెలీదండీ," అన్నారు. "నేను సమాధి చెయ్యడానికొచ్చింది వేరే ఆయన్ని."

మేష్టారు కళ్ళు తుడుచుకోవడం మానేసి తలెత్తారు.

"ఈ గుళ్ళో ఆయన చేత తిట్లు తిననివాళ్ళు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి."

ఒకే ఒక్క చెయ్యి లేచింది. మైకు సెట్టు అద్దెకు తెచ్చిన కుర్రాడిది. వాడికి తెలుగు రాదు, పక్కవాళ్ళు చెప్తే ఎత్తాడు. వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు.

"నన్నూ తిట్టారు. మొన్న ఆదివారం కూడా తిట్టారు. నా ప్రసంగం చాలా పొడుగని ఈ సంఘంలో నా మొహం మీద చెప్పింది ఆయనొక్కరే. అది నిజమే. మీలో ఎవరికైనా ఒంట్లో బాలేక ఆసుపత్రిలో పడితే అందరికంటే ముందొచ్చింది ఆయనే. వచ్చి, సరిగ్గా తినవు కాబట్టే మంచాన పడ్డావని తిట్టి వెళ్ళారు. ఆయనకి కోపం ఎక్కువ. దానివల్ల ఇంట్లోవాళ్ళు చాలా కష్టపడ్డారు. అమ్మ అందరికంటే ఎక్కువ కష్టపడ్డారు. ఇది దేవుడికీ తెలుసు, మనకీ తెలుసు. ఇప్పుడు ఆయన్ని క్షమించమని ప్రార్థన చెయ్యాలి. తప్పే లేని శాంతమూర్తికి క్షమాపణ ఎందుకండీ? అసలు మనిషిని దేవుడి ముందు పెట్టి అడుగుదాం."

నా పక్కన ఆవిడ చీరకొంగు మొహం మీదికి లాక్కుంది. భుజాలు అదరసాగాయి. పాపం, ఇప్పటికి ఏడుపొచ్చిందనుకుని రెండు చేతులా పట్టుకున్నాను. ఆవిడ కొంగులోంచే నా చెవి దగ్గరికొచ్చి, "అమ్మగోరూ, గట్టిగా పట్టుకోండి. నవ్వు ఆగట్నేదు," అంది.

పట్టుకున్నాను. నవ్వి, నవ్వి, ఆ నవ్వులోంచే ఒక్కసారిగా బావురుమంది. అప్పుడు ఏడ్చింది, ఆ గోడలు అదిరిపోయేట్టు.

సమాధుల తోట నుంచి తిరిగొచ్చేసరికే ఎవరో ఫోన్లో తీసిన వీడియో సంఘం వాట్సాప్ గ్రూపులో పడింది. అక్కడ్నుంచి తెలుగువాళ్ళ గ్రూపులన్నిటికీ పాకింది. సాయంత్రానికి విజయనగరం నుంచి మా అమ్మ ఫోను చేసింది. "ఏటే, అల్లుడుగారు శవాన్ని తిట్టారట గదా?" అంది. తిట్టలేదమ్మా అంటే నమ్మలేదు. పన్ను నొప్పి నాటి నుంచి నా మాటకి మా అమ్మ దగ్గర కూడా పరపతి లేదు.

ఫోర్‌మన్‌గారికి ఇద్దరు కొడుకులు. పెద్దబ్బాయి కంపెనీలోనే పనిచేస్తాడు. ఆ రాత్రే మోటారు సైకిలు మీద తిన్నగా మా ఇంటికొచ్చాడు, తలమీద హెల్మెట్టు కూడా తియ్యలేదు. "మా నాన్న పరువు తీసీసినారండి. సచ్చిపోయినోడి మీద మాటలేటండి?" అని గుమ్మంలోనే నిలబడి అరిచాడు. అచ్చు వాళ్ళ నాన్న గొంతే. మా ఆయన చేతులు కట్టుకుని విన్నారు. "నీకు నొప్పి కలిగింది బాబూ. ముందు మీతో చెప్పి, తర్వాత అక్కడ చెప్పాల్సింది. అది నా తప్పే," అన్నారు. మర్నాడు వాళ్ళింటికి వెళ్ళి, అన్నదమ్ములిద్దరి ముందూ మళ్ళీ అదే మాట అని వచ్చారు. పెద్దబ్బాయి కరగలేదు.

నేను మా ఆయనతో మాట్లాడటం మానేశాను. నా కోపానికి వేరే కారణం ఉంది. మాకు బదిలీ రావాల్సి ఉంది, మంచి బదిలీ. వేరే ఊళ్ళో పెద్ద సంఘం, గుడి పక్కనే పెద్ద ఇల్లు, పొద్దస్తమానం నీళ్ళొచ్చే కుళాయిలు. ఆ ఇల్లు ఒకసారి చూసొచ్చాను కూడా. కిటికీల కొలతలు చీర చెంగుతో తీసుకుని, సాక్చిలో కర్టెన్ల గుడ్డ కొని, కుట్టించి పెట్టెలో పెట్టుకున్నాను. ఆ బదిలీ మా సంఘాలన్నిటి మీదా పెద్దగా ఉండే పాస్టరుగారి చేతిలో ఉంది. ఆయన్ని మేమంతా పెద్దయ్యగారంటాం. సెక్రటరీగారు ఆ వీడియో ముందుగా పంపింది ఆయనకే.

మూడో రోజు ఫోర్‌మన్‌గారింట్లో, ఇంటివాళ్ళని ఓదార్చే ఆదరణ కూడిక. అన్నాలయ్యాక వంటింట్లో నేనూ ఆవిడా గిన్నెలు సర్దుతున్నాం. ఉన్నట్టుండి ఆవిడ అంది.

"ఆయన బైటెవులితో ఎలగున్నా, ఇంట్లో బంగారమని అందరూ అనీవోరు అమ్మగోరూ. పుట్టింటోళ్ళూ అలగే అన్నారు, చుట్టాలూ అన్నారు. నీ మొగుడు తాగడు, తిరగడు, నీకేటి లోటన్నారు. సెప్పుకుంటే తప్పు నాదే అవుతాదని నోరుమూసుకున్నాను. కొన్నాళ్ళకి నాకే పిచ్చేమో, నేనే లేనిపోనివన్నీ అనుకుంటన్నానేమో అనిపించీది. ఆవేళ అయ్యగోరు అందరి ముందూ, అమ్మ కష్టపడ్డారు అన్నారు సూడండి..." అని ఆగి, చేతిలో గిన్నె పక్కన పెట్టింది. "మరి నాకు పిచ్చి నేదు గదా, అనుకున్నాను."

ఇంటికొచ్చి మా ఆయనతో మాట్లాడాను. కర్టెన్ల సంగతి మాత్రం ఎత్తలేదు.

ఊళ్ళో పరిస్థితి వేరేలా ఉంది. ఆ తర్వాత చాన్నాళ్ళు మా సంఘంలో చచ్చిపోవడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. వయసుపైబడినవాళ్ళంతా ఒళ్ళు దగ్గర పెట్టుకుని మసలసాగారు. మురిక్కాలవ తగాదాతో ఏళ్ళ తరబడి పలకరించుకోని అన్నదమ్ములిద్దరు ఆదివారం ఒకే బెంచీలో కూర్చుని, మా ఆయన చూసేదాకా చేతులు కలిపి పట్టుకున్నారు. ఒక మామ్మగారు కర్ర పొడుచుకుంటూ వచ్చి, "అయ్యగోరూ, నా గురించి సెప్పీదేదో ఇప్పుడే సెప్పీయండి, బాగోపోతే బతికుండగానే మార్సుకుంటాను," అంది. మా ఆయన, కోడలితో ఏమన్నా తేడాలుంటే చూసుకోమన్నారు. మామ్మగారు కోడలికి ఏం చెప్పిందో గానీ ఆ పిల్ల నాకు రెండు కేజీల మామిడిపళ్ళు తెచ్చిచ్చింది.

ఒక పొద్దున్న సెక్రటరీగారే వచ్చారు. టీ తాగారు. సమాజం ఎన్నికల గురించి మాట్లాడారు. చివరికి గొంతు సవరించుకుని, "మాటవరసకి అడుగుతన్నాను అయ్యగోరూ. రేపు నాకేటైనా అయిపోతే నా గురించి ఏటి సెప్తారు?" అన్నారు.

మా ఆయన కప్పు కింద పెట్టి ఆలోచనలో పడ్డారు. నేను వంటింటి గుమ్మంలోంచి గరిటెతో సైగలు చేస్తున్నాను. ఆయన నా వైపు చూడలేదు.

"ఆలోచించాలండీ," అన్నారు.

"ఆలోసించాలా!"

"కుర్చీలిచ్చారు. అది తప్పకుండా చెప్తాను."

"ఇంకా?"

"కుర్చీల మీద పేరు రాయించుకున్నారు."

"అది ఒగ్గీకూడదేటి?"

"వదిలేస్తే మాత్రం లాభమేముందండీ? ఆవేళ అందరూ కూర్చునేది వాటి మీదే కదా."

సెక్రటరీగారు లేచి చెప్పులేసుకున్నారు. నేను గేటు దాకా పరిగెత్తాను. "ఏమీ అనుకోకండి. రాత్రి నుంచి ఆయనకి ఒంట్లో బాలేదు..."

"పన్ను నొప్పేటి?" అన్నారాయన వెనక్కి తిరక్కుండానే.

ఆ తర్వాత ఆదివారానికల్లా పెద్దయ్యగారు దిగారు. పొద్దున్న ఆరాధనలో ఆయనే ప్రసంగం చేశారు. మధ్యాహ్నం మా ఇంట్లో భోజనం, ఆ తర్వాత విచారణ. నేను కోడికూర వండుతూనే మా ఆయన్ని వంటింట్లోకి పిలిచి బతిమాలాను.

"ఒక్క పూట. అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పండి. 'మీ ఇష్టం అయ్యగారూ' అనండి చాలు. అది అబద్ధం కాదు కదా?"

"కాదు," అన్నారు ఆలోచించి. "ప్రయత్నిస్తాను."

భోజనాలయ్యాయి. ముందుగదిలో పెద్దయ్యగారు, సెక్రటరీగారు, ఫోర్‌మన్‌గారి కొడుకులిద్దరూ, మా ఆయన. నేను తాంబూలం పళ్ళెంలాంటిదేదో ఉండాలని సోంపు గిన్నె పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. పెద్దయ్యగారు చెడ్డమనిషి కాదు. ఎన్నో సంఘాల తగాదాలు తీర్చి తీర్చి అలిసిపోయిన మనిషి.

"చూడు తమ్ముడూ," అన్నారు. "ఒక్కమాట, పొరపాటైందని అనేసేయ్. అందరం ప్రార్థన చేసుకుని లేచిపోదాం."

"వీళ్ళ మనసు నొప్పించాను అయ్యగారూ. అది పొరపాటే. వాళ్ళింటికెళ్ళి చెప్పాను. చెప్పిన సంగతి మాత్రం అబద్ధమని ఎలా అనను?"

"అబద్ధమని అనమన్నానా? నిజం కాదని అను, చాలు."

మా ఆయన ఆ రెంటికీ తేడా ఏమిటో నిజంగానే ఆలోచించసాగారు. పెద్దబ్బాయికి సహనం చచ్చింది. "మా నాన్న అలాటోరు కాదండి," అన్నాడు గట్టిగా. తమ్ముణ్ణి మోచేత్తో పొడిచి, "సెప్పరా!" అన్నాడు.

తమ్ముడు అప్పటిదాకా ఫోన్లోంచి తలెత్తలేదు. ఇప్పుడెత్తి అన్న వైపు చూశాడు. "భయ్యా, పాపా ఐసే హీ థే," అన్నాడు. నాన్న అలాగే ఉండేవాడు కదా అని. "అంకుల్‌నే క్యా గలత్ బోలా? ముఝే తో ఫోటో మే భీ డాంట్ దేతే హై." పాస్టరుగారు తప్పేం చెప్పారు, మా ఇంట్లో గోడమీది ఫోటోలోంచి కూడా నాన్న నన్ను తిడుతూనే ఉంటాడన్నాడు.

పెద్దబ్బాయి మొహం అటు తిప్పుకుని కిటికీలోంచి వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. చెంపలు తుడుచుకున్నాడు. నేను సోంపు గిన్నె పట్టుకుని వాడి దగ్గరికి వెళ్ళాను, ఏం చెయ్యాలో తోచక. వాడు చిటికెడు తీసుకున్నాడు.

అక్కడితో అయిపోవాల్సింది. పెద్దయ్యగారు నవ్వాపుకుంటున్నారు, నాకు కనబడుతూనే ఉంది. గాలి మళ్ళిందని నాలో ఆశ పుట్టింది. పెట్టెలో కర్టెన్లు కళ్ళ ముందు ఊగాయి. ఆయన ఒళ్ళు విరుచుకుని, వెళ్ళే ముందు నాలుగు మంచి మాటలాడదామనుకున్నారు కాబోలు, "సరేలేవయ్యా. నువ్వు నిజం చెప్పేవాడివి కదా, పొద్దున్న నా ప్రసంగం ఎలా ఉందో చెప్పు," అన్నారు.

నేను మా ఆయన వైపు చూశాను. 'మీ ఇష్టం అయ్యగారూ' అన్న మాట దీనికి ఎలాగూ అతకదు.

"మొదటి సగం చాలా బాగుంది అయ్యగారూ. నేను రాసుకున్నాను కూడా," అన్నారు మా ఆయన. ఇక్కడే ఆగండి దేవుడా అనుకున్నాను. ఆగారు కూడా. పెద్దయ్యగారే, "మరి రెండో సగం?" అని అడిగారు.

"రెండో సగం కూడా మొదటి సగమే అయ్యగారూ."

పెద్దయ్యగారు ప్రార్థన చేసి, కారెక్కి వెళ్ళిపోయారు. కోడికూర బాగుందని నాతో చెప్పి మరీ వెళ్ళారు. అది ఆయన మర్యాదకన్నారో నిజమో నాకిప్పటికీ తెలీదు.

బదిలీ వేరే పాస్టరుగారికి వచ్చింది. మాట తీపిగా ఉంటుందట. నా కర్టెన్లు పాత ఇంటి కిటికీలకే కట్టాను. అవి నేల మీద ఈడుస్తూ ఉంటే సగానికి మడిచి కుట్టుకున్నాను. కుడుతూ మా ఆయన్ని ఏమేమన్నానో ఇక్కడ రాయను. ఆయన ఎదురుగా కూర్చుని సూదిలోకి దారం ఎక్కించిస్తూ విన్నారు. "నువ్వనేదాంట్లో చాలా వరకు నిజమే," అన్నారు. దానికి ఇంకా కోపం వచ్చింది.

చలికాలంలో మా సంఘంలో ఇంకొకరు పోయారు. ఊళ్ళోనే, స్టేషను వైపు జుగ్సలాయిలో కూతురింట్లో ఉండే ముసలావిడ. అక్కడి పప్పుల గోడౌన్లలో చాటతో చెరిగే పని చేసి కూతుర్ని పెంచింది. ఆదివారం ఆటోలో వచ్చి వెనక బెంచీలో కూర్చునేది. ఆవిడ గురించి మాట్లాడటానికి పెద్దమనుషులెవరూ ముందుకు రాలేదు. పగ ఏమీ కాదు, ఆవిడ ఎవరికీ అంతగా తెలీదు. మేష్టారు పాట పాడి కూర్చున్నారు. సెక్రటరీగారు ఆవేళ మైకు జోలికి పోలేదు.

మా ఆయన లేచారు. జనమంతా సర్దుకుని కూర్చున్నారు, కొందరు ముందుకు వంగారు. ఆయన ఎప్పట్లాగే ఆగారు.

"నిన్నంతా ఆలోచించాను," అన్నారు. "ఈవిడ గురించి దాచాల్సిందేమీ నాకు దొరకలేదండీ. మంచి మనిషి."

వెళ్ళి కూర్చున్నారు. అంతే.

ఎవరైనా చెప్పగలిగిన మాటే అది. ప్రతి పెట్టె మీదా ఎవరో ఒకరు చెప్పే మాటే. కానీ ఆవేళ గుళ్ళో ముక్కులు ఎగబీల్చే చప్పుడు మొదలైంది. మేష్టారు కళ్ళజోడు తీశారు. ఫోర్‌మన్‌గారి పెద్దబ్బాయి వెనక నిలబడి ఉన్నాడు, అన్నాళ్ళ తర్వాత గుడికి రావడం అదే. పెట్టె ఎత్తడానికి అందరికంటే ముందు వాడే భుజం ఇచ్చాడు. పక్కనే సెక్రటరీగారు రెండో కొస పట్టుకున్నారు, ఫోటో తీసేవాళ్ళెవరూ లేకపోయినా.

సమాధుల తోట నుంచి ఆటోల్లో జుగ్సలాయి వెళ్ళాం. లారీలు అడ్డంగా ఆగిపోయిన ఇరుకు సందులో వాళ్ళ ఇల్లు. కూతురు అందరికీ టీలిచ్చింది. ఆ తర్వాత మా ఆయన దగ్గరికొచ్చి, ఏదో సిగ్గుపడుతూ నిలబడింది.

"అయ్యగోరూ, గుళ్ళో మీరన్న మాట మళ్ళీ ఒకసారి సెప్తారేటి?"

"నీకామ్మా?"

"నాకు కాదండి. మా అత్తగోరికి. మంచాన ఉన్నారు, గుడికి రానేకపోనారు. ఇన్నేళ్ళూ ఒకే ఇంట్లో ఉన్నా మా అమ్మని ఒక్క మంచి మాటనలేదు. నేను సెప్తే నమ్మరు. మీరు సెప్తే నమ్ముతారు."

మా ఆయన లోపలి గదిలోకి వెళ్ళారు. వెనక నేనూ వెళ్ళాను. మంచమ్మీద దుప్పటి కప్పుకుని ఒక ముసలావిడ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. పక్కనే ఇంకో మంచం, దాని పరుపు చుట్టేసి ఉంది. మా ఆయన వంగి, కాస్త గట్టిగా, "మీ వియ్యపురాలు మంచి మనిషమ్మా," అన్నారు.

ఆవిడ ఇటు తిరగలేదు.

"నాకు తెల్దేటి?" అంది గోడతోటే. "రేతిరేళ ఆ మనిషి దగ్గుతా ఉంటే తిట్టీదాన్ని. ఇప్పుడు నాకు నిద్దరెలా పడతాది?"

కోడలు వెళ్ళి మంచం అంచున కూర్చుంది. అత్తగారు దుప్పట్లోంచి చెయ్యి బయటకు పెట్టింది. మేం ఇంటి ముందుకొచ్చి ఆటో కోసం నిలబడ్డాం.